చూడటానికి మాత్రమే ఇచ్చిన పాట

మే 18

మధ్యాహ్నం నా టిఫిన్ షాపులో పెనం కడుగుతుంటే ఫోన్ మోగింది. సోఖిమ్ పంపింది. ఏడాదిన్నర ఉలుకూ పలుకూ లేని మనిషి నుంచి ఒక లింకు వచ్చింది. బాగున్నావా అని లేదు, బాగున్నాను అని లేదు. చెయ్యి తుడుచుకోకుండానే నొక్కాను.

పాట తెరుచుకుంది. "దీపపు వత్తి తగ్గించి". లిమ్ గురువుగారి పాట, మొదటి అక్షరం నుంచి చివరి దాకా. ఆయన చేతిరాత పుస్తకం ముందు పెట్టుకుని తనే ఒక్కొక్కటీ టైపు కొట్టినట్టుంది. పక్కన ఎర్ర రంగులో తాళం గుర్తులు. కుడివైపు ఇంకో వరస గీసి అందులో చిన్న అక్షరాలతో తన మాటలు: ఇక్కడ ఊపిరి తీసుకో, ఇక్కడ తొందరపడకు. ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్నదాన్ని. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు తెలియదు కాబోలు.

పైన రాసి ఉంది, చూడటానికి మాత్రమే అని. దించుకుందామంటే ఆ మీట బూడిద రంగులో చచ్చి పడి ఉంది. ప్రింటు మీటా అంతే. అక్షరాలు వేలితో పట్టుకుందామంటే పట్టు దొరకదు. శరదృతువు పూజకి ఆ పాట కావాలని మా సంగీత మండలిలో వేణువు ఊదే ఖో మామ అడిగాడట. అడిగినందుకు ఇచ్చింది. ఇచ్చి, మిఠాయి కొట్లోలాగా అద్దం వెనక పెట్టింది.

కోపం రాలేదు. ఎందుకు రావాలి.

మే 19

కోపం రాలేదని రాశాను గానీ ఇవాళ పొద్దున్న మూడు గుడ్డు రొట్టెలు మాడ్చాను.

మే 23

షట్టర్ సగం దించి, సోయా పాల గిన్నెలు బోర్లించి, ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పాడుకుంటున్నాను. రోజూ ఇదే వేళకి. నాలుగు వరసలు పాడేసరికి స్క్రీన్ చీకటవుతుంది. వేలితో తట్టి లేపాలి. నూనె వేలు కాబట్టి ఇంకో పేజీకి పారిపోతుంది. తాళం చెక్కలు రెండు చేతులా పట్టుకోవాలి, మరి తట్టేది ముక్కుతోనా?

ఇంత అవస్థ నాకు ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. అప్పుడు తైపేయి నుంచి వచ్చిన బృందంలో ఒక అమ్మాయి గురువుగారి పుస్తకం ఫోటోలు అడిగింది. ఎంతో మర్యాదగా అడిగింది. పంపాను. వాళ్ళు దాన్ని పొగలూ డప్పులూ రంగు దీపాలూ పెట్టి స్టేజీ మీద పాడి, ఇంటర్నెట్లో పెట్టుకున్నారు. అందులో నా తప్పేముంది? పాట నలుగురూ వినాలనే కదా పంపింది. సోఖిమ్ మా మండలిలో అందరి ముందూ అంది, "నీ చేతికి ఏమిచ్చినా నిలవదు" అని. పుస్తకం సంచిలో పెట్టుకుని కవ్‌షుంగ్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. అంతే. ఆ సంగతి మళ్ళీ తవ్వను.

పాట మాత్రం బాగుంది. మూడో వరసలో గురువుగారి గొంతు వినిపించినట్టయింది.

జూన్ 2

గుడి పక్క గదిలో సాధన. పూజ చాంద్రమానం ఎనిమిదో నెల పన్నెండున. మా సంగీత దేవుడు లాంగ్‌కున్‌కి ఏడాదికి రెండుసార్లు పాడి వినిపిస్తాం. గురువుగారు పోయాక ఆయన పాట దేవుడి ముందు పాడటం ఇదే మొదలు. ఆ పాట పూర్తిగా నేర్చుకున్నది సోఖిమ్ ఒక్కతే. తను లేదు కాబట్టి పాడేవాళ్ళు కూర్చునే మధ్య కుర్చీలో నేను.

ఖో మామకి ఫోన్ ఇచ్చి పాట చూపించాను. వేణువు పక్కన పెట్టి, ఫోన్‌ని ముక్కు దగ్గరికి తెచ్చి, మళ్ళీ దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు.

"ఇదేంటమ్మాయ్, చీమల పుట్టలా ఉంది."

"పెద్దది చెయ్ మామా. రెండు వేళ్ళతో ఇలా లాగు."

లాగాడు. ఒక్క అక్షరం స్క్రీన్ అంతా నిండింది.

"ఇప్పుడు ఏనుగులా ఉంది. నేను వేణువు ఊదాలా, ఏనుగుని తోలాలా? నాకు ఎనభై రెండు. నాకు కాగితం కావాలి."

పిపా వాయించే చ్వా అక్క నవ్వు ఆపుకోలేక తీగ తెంపింది. "సోఖిమ్‌ని అడుగు, ప్రింటుకి తాళం తియ్యమని. అదేమన్నా నిన్ను కొరుకుతుందా?"

"అడుగుతాను" అన్నాను.

"ఇవాళే అడుగు. నీ సంగతి నాకు తెలుసు."

"అడుగుతానన్నాగా అక్కా!"

జూన్ 4

అడగలేదు. షాపులో రద్దీ.

జూన్ 9

"అక్కా, పెద్దవాళ్ళకి కాగితం కావాలట, కాస్త ప్రింటుకి వీలు చెయ్యి" అని రాశాను. చదువుకుంటే అడుక్కుంటున్నట్టుంది. "ప్రింటుకి తెరువు" అని రాశాను. చదువుకుంటే అధికారి ఉత్తర్వులా ఉంది. రెండూ చెరిపేశాను.

సాధనలో చ్వా అక్క అడిగింది. పంపాను గానీ తను ఇంకా చూడలేదని చెప్పాను.

జూన్ 14

అయిపోయింది. ఎంత తేలికో! ఇన్నాళ్ళూ ఎందుకు నీలిగానో.

స్క్రీన్‌ని ఫోటో తీయటమే. అద్దం వెనక ఉంటే మాత్రం, అద్దంతో సహా ఫోటో తీస్తే ఎవరు ఆపుతారు? పాటని కొంచెం కొంచెం పైకి జరుపుతూ ముక్క ముక్కగా తీశాను. కింది ముక్కలో పై ముక్క చివరి వరస కాస్త కలిసేలా తీయాలి, లేకపోతే అతుకు దగ్గర తాళం ఎగిరిపోతుంది. రెండుసార్లు ఎగిరిపోయింది. మళ్ళీ తీశాను.

తర్వాత మూలమీద ఎప్పుడూ తెరిచి ఉండే కొట్టుకి వెళ్ళాను. అక్కడి మెషిన్‌కి ఫోన్ నుంచి ఫోటోలు పంపితే ఒక అంకె ఇస్తుంది, ఆ అంకె కొడితే కాగితాలు వస్తాయి. మొదటిది వచ్చింది. అక్షరాలు నువ్వు గింజలంత ఉన్నాయి. కుడివైపు సోఖిమ్ మాటల వరస సగం కాగితం తినేస్తోంది. ఖో మామ కళ్ళకి ఇది ఆనదు.

అక్కడే నిలబడి ఫోటోలన్నిటికీ కుడివైపు కోసేశాను. ఊపిరి తీసుకో, తొందరపడకు, ఇలాంటివే కదా అందులో ఉన్నవి. అవి కోసేస్తే పాట కాగితం నిండా వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలతో. వెనక వరసలో నిలబడ్డ కుర్రాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

పెద్దవాళ్ళ కళ్ళ కోసమే కోశాను. వేరే ఏమీ లేదు.

జూన్ 15

కాగితాలు పంచాను. ఖో మామ చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "ఇదమ్మాయ్, పాటంటే ఇలా ఉండాలి. సోఖిమ్ ఒప్పుకుందన్నమాట."

"ఊఁ" అన్నాను.

"మంచి పిల్ల. కోపం పైపైనే."

జూన్ 16

ఇవాళ లింకు తెరవలేదు. అవసరం లేదు. కాగితం మాడు మొహం పెట్టదు, చీకటవదు, చూడటానికి మాత్రమే అని నీతులు చెప్పదు.

జూన్ 20

ఉక్క. కాగితానికి సోయా పాలు అంటాయి. ఇంకో కాపీ తీయించాను. లింకు తెరవలేదు.

జూలై 1

ఫోన్‌లో లింకు ఎక్కడో కిందికి వెళ్ళిపోయింది. పైన అంతా కూరగాయల బేరగాళ్ళ సందేశాలే.

జూలై 12

సోఖిమ్ నుంచి ఒక్క మాట వచ్చింది: "చదువుతున్నావా?"

ప్రింటు తీశానని ఎవరైనా చెప్పారేమో అనుకున్నాను. ఖో మామకి నోరు ఆగదు. కాసేపు ఆలోచించి "రోజూ చదువుతున్నా" అని పెట్టాను. పక్కన బొటనవేలు ఎత్తిన కుందేలు బొమ్మ కూడా పెట్టాను. అబద్ధం ఏమీ కాదు. చదువుతూనే ఉన్నాను కదా, కాగితం మీద.

చూసింది. జవాబు ఇవ్వలేదు. ఎప్పుడూ ఇంతే, మనమే పలకరించాలి, మనమే మాటలు వెతుక్కోవాలి.

పలకరించింది తనే కదా. సరే, ఇవాల్టికి.

జూలై 27

చివరి వరస దగ్గర పడటం లేదు.

మిగతా అంతా బాగా వస్తోంది. చివరి వరసలో ఖో మామ వేణువు ఒక దారి, నా గొంతు ఇంకో దారి. కాగితం చూస్తే ఉన్నవి ఐదే స్వరాలు. ఆ ఐదింటి మధ్య గురువుగారు ఎంతసేపు తిరిగేవారో! కాగితం మీద ఎముకలే ఉంటాయి, కండ మీ నోళ్ళలో పెట్టేది నేను అనేవారు. ఈ వరసకి కండ సోఖిమ్ నోట్లో పెట్టారు. ఆ రోజుల్లో పాఠం అవగానే నేను మర్నాటికి సోయా గింజలు నానబెట్టాలని పరిగెత్తేదాన్ని. తను ఉండిపోయేది.

ఖో మామ వేణువు దించాడు. "ఇలా కాదు."

"మరెలా మామా?"

"ఎలాగో తెలిస్తే ఊదనూ? ఇలా కాదని తెలుసు, అంతే. ఆయన పాడుతుంటే అక్కడ దీపం నిజంగా చిన్నదవుతున్నట్టు ఉండేది. నువ్వు పాడితే ఎవరో స్విచ్ కట్టేసినట్టుంది."

చ్వా అక్క అంది, "సోఖిమ్‌కి ఫోన్ చేసి పాడించుకోవే. ఒక్క వరసే కదా. ఫోన్‌లో పాడుతుంది, నువ్వు విను."

"చేస్తాలే."

"జూన్ నుంచీ చేస్తావే చేస్తా."

నా ఊహకొద్దీ ఒక తిప్పు వేశాను. ఫరవాలేదనిపించింది. దేవుడేమీ పరీక్ష పెట్టడు.

ఆగస్టు 10

తుఫాను. షాపు మూశాను. పనేమీ లేదు, కిటికీలు కొట్టుకుంటుంటే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సోఖిమ్ పేరు దాకా వెళ్ళాను.

ఏమని మొదలెట్టాలి? చివరి వరస రావటం లేదంటే, చూశావా నా మాటలు చదవలేదు అంటుంది. ఏ మాటలు అంటే, కుడివైపు రాశాను కదా అంటుంది. అప్పుడు కోసేశానని చెప్పాలి. కోశావా, అంటే ప్రింటు తీశావా అంటుంది. మళ్ళీ మొదటికి వస్తుంది, నీ చేతికి ఏమిచ్చినా నిలవదు అని.

ఫోన్ పక్కన పెట్టి నూడిల్స్ వండుకున్నాను.

ఆగస్టు 23

దయ్యాలు ఊళ్ళోకి వస్తాయనే చాంద్రమానం ఏడో నెల, దయ్యాల నెల మొదలు. షాపు ముందు బల్ల వేసి బిస్కెట్లు, పళ్ళు, మంచినీళ్ళు పెట్టి అగరొత్తులు గుచ్చాను. ఈ నెలలో శుభకార్యాలు లేవు, దూరప్రయాణాలు లేవు, ఆపరేషన్లు కూడా వీలుంటే ఎవరూ చేయించుకోరు. సోఖిమ్‌కి నెల అయ్యాక ఫోన్ చేస్తాను. ఇది మంచి ఆలోచన.

సెప్టెంబర్ 22

నిన్నటితో దయ్యాల నెల అయిపోయింది.

పొద్దున్న రద్దీ తగ్గాక ఒకాయన వచ్చి లోపలి బల్ల దగ్గర కూర్చున్నాడు. సోయా పాలు పెట్టాను. తాగలేదు. తల ఎత్తి చూస్తే సోఖిమ్ తమ్ముడు.

"మాజు అమ్మవారి గుడికి వచ్చానక్కా. మొక్కు ఉంది."

"ఏం మొక్కు? అక్క బాగుందా?"

"ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. అందుకే మొక్కు." గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "నీకు తెలుసనుకున్నాను. మీ ఇద్దరూ రోజూ ఆ పాట మీద మాట్లాడుకుంటున్నారనుకున్నాను. మా అక్క ప్రతి మధ్యాహ్నం ఆ కంప్యూటర్ ముందే కదా ఉండేది. ఏం చేస్తున్నావే అంటే, నీ పేరే చెప్పి, అబున్ వచ్చింది, కూర్చోనీ అనేది."

నాకు ఏమీ అర్థం కాలేదు. గొంతులో రాచపుండు అట. చలికాలం నుంచీ బొంగురు. మే నెలలో తేలింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. సెప్టెంబర్ చివర్లో చేస్తామన్నారట డాక్టర్లు, ఇంకా ముందైనా మంచిదేనన్నారట. అప్పటిదాకా ఆగితే అక్క దయ్యాల నెల దాటి బతకదేమో అని ఇతనే బతిమాలి, నెల రాకముందే చేయించాడట.

"మంచిదే కదక్కా నేను చేసింది? అమ్మానాన్నా ఉన్నా ఇలాగే చేసేవాళ్ళు."

"మంచిదే" అన్నాను. ఇంకేమంటాను? అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాట రాదింక. గొంతు కింద చిన్న రంధ్రం పెట్టారు, అందులోంచి ఊపిరి. నిన్ను చూడాలని ఉందేమో. అడిగితే పలక మీద ఏమీ రాయదు."

సెప్టెంబర్ 22, మధ్యాహ్నం

లింకు వెతికి తెరిచాను.

పాట అలాగే ఉంది. కుడివైపు వరస మాత్రం నేను ఎరిగింది కాదు. కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది. తేదీలు వేసి రాసింది. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, అక్షరాలు పట్టుకోనివ్వదు కాబట్టి చేత్తోనే.

"జూన్ 15. అబున్, నీకు తెలుసో లేదో, నువ్వు తెరిచినప్పుడల్లా పైన మూలలో ఒక జంతువు బొమ్మ వచ్చి కూర్చుంటుంది. పేరు చూపించదు. ఒకరోజు ఉడుత, ఒకరోజు కప్ప. నువ్వేనని వేళని బట్టి తెలుసు, షట్టర్ దించాక వస్తావు. ఖో మామకి ఫోన్ ఎత్తటమే రాదు. నేనూ అదే వేళకి తెరిచి కూర్చుంటున్నాను. మాట్లాడుకోకపోయినా ఒక గదిలో ఉన్నట్టుంది. ఇవాళ ఆలస్యం చేశావు, షాపులో రద్దీ ఏమో."

"జూన్ 18. నీ మీద కోపంతోనే తాళం వేశాను. ఇప్పుడు కోపం లేదు, కానీ తాళం తీస్తే నువ్వు దించుకుని పోతావు, మళ్ళీ రావు. అందుకని తీయటం లేదు. నవ్వుకో."

"జూన్ 30. ఎవరూ రాలేదు."

"జూలై 5. చివరి వరస గురించి. రాయటానికి మూడు రోజులు ప్రయత్నించాను. రాతకి లొంగదు. గురువుగారు నా మణికట్టు పట్టుకుని నేర్పారు. రికార్డు చేద్దామనుకున్నాను, నా గొంతు ఇప్పుడు బొంగురు, ఆ బొంగురే పాట అనుకుని నేర్చుకుంటావు. ఎదురుగా ఉంటే చేత్తో సరిచేస్తాను. కవ్‌షుంగ్ రా. తాళం చెక్కలు తెచ్చుకో."

"జూలై 12. చదువుతున్నావా అని అడిగాను. రోజూ చదువుతున్నా అన్నావు. ఇక్కడ ఎవరూ లేరు అబున్."

"ఆగస్టు 3. గొంతు తీసేస్తారు. నీకు ఫోన్ చేసి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. చెబితే జాలితో వస్తావు. పాట కోసం రావాలి నువ్వు. సెప్టెంబర్ చివరి దాకా సమయం ఉంది."

"ఆగస్టు 14. తమ్ముడు దయ్యాల నెల రాకముందే చేయించాలంటున్నాడు. వాడి బెంగ వాడిది. వచ్చే వారమే. వస్తే ఈ వారం రా."

"ఆగస్టు 19. రేపు. పొద్దున్న స్నానాలగదిలో చివరి వరస పాడుకున్నాను. బొంగురుగానే అయినా బాగా వచ్చింది."

తర్వాత ఏమీ లేదు.

సెప్టెంబర్ 23

ఫోన్ చేయొచ్చు కదా! ఒక్క ఫోన్! నాకు కబురు అంచున రాస్తారా ఎవరైనా, కుడివైపు, నువ్వు గింజలంత అక్షరాలతో? ఎవరో చదువుతారని? చదవకపోతే చదవలేదని తెలుస్తూనే ఉంది కదా, మరి ఒక్క ముక్క బయట చెప్పలేవా? జాలితో వస్తే ఏం పోయింది? జాలితో అయినా వచ్చేదాన్ని కదా!

నేనూ చేయొచ్చు ఫోన్.

సెప్టెంబర్ 24

ఖో మామకి చెప్పాను. అంతా చెప్పాను. కోసేసిన సంగతీ చెప్పాను. వేణువు గుడ్డతో తుడుచుకున్నాడు.

"కాగితం కావాలని అడిగింది నేనే కదమ్మాయ్" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 27

రోజూ షట్టర్ దించాక తెరిచి పెడుతున్నాను. పాడటం లేదు. ఊరికే తెరిచి ఉంచుతున్నాను. స్క్రీన్ చీకటైతే వేలితో తడుతున్నాను. తనూ అవతల చూస్తోందో లేదో నాకు తెలియదు. నా వైపు ఏ బొమ్మా కనిపించదు.

సెప్టెంబర్ 29

ఎల్లుండి షాపు మూసి వెళ్తున్నాను. తమ్ముడికి చెప్పాను. "రానీ" అని పలక మీద రాసిందట.

అక్టోబర్ 1

వెళ్ళి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బస్సులో చాంగ్‌హ్వా, అక్కడ రైలు. ముల్లంగి కేకు చేసి తీసుకెళ్ళాను. తలుపు తనే తీసింది. చిక్కిపోయింది. మెడకి తెల్లటి పలచని గుడ్డ కట్టుకుంది, ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ కొంచెం కదులుతోంది. కేకు డబ్బా చూసి పలక తీసుకుంది.

"మింగలేనని తెలిసే తెచ్చావా?"

"తమ్ముడికి తెచ్చానక్కా" అన్నాను. నవ్వింది. శబ్దం లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. ఆ నవ్వు చూసి ఏడుపు వచ్చింది. వెళ్ళగానే ఏడవకూడదని రైలంతా అనుకుంటూ వెళ్ళాను.

"అక్కా, నేను ప్రింటు తీసుకున్నాను. స్క్రీన్ ఫోటోలు తీసి. నీ మాటలు కోసేశాను."

పలక తుడిచి రాసింది: "తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"బొమ్మ రావటం మానేసినప్పుడే. పాట వదిలేసే మనిషివి కాదు నువ్వు. చూడటం మానేశావంటే ఎత్తుకెళ్ళావనే."

"తెలిసి కూడా ఎందుకు రాస్తూ కూర్చున్నావు?"

తను మార్కర్ మూత పెట్టింది, తీసింది. "ఒకరోజైనా మళ్ళీ చూస్తావనుకున్నాను."

క్షమించమని అడిగాను. ఏవేవో అన్నాను, తైపేయి అమ్మాయి సంగతి కూడా. అదీ నా తప్పేనన్నాను, ఎన్నడూ అనలేదు ఆ మాట. పలక మీద రాసి నా వైపు తిప్పి చూపించింది: "చెక్కలు తెచ్చావా, కబుర్లేనా?"

తెచ్చాను. తమ్ముడు పనికి వెళ్ళాడు, ఇంట్లో ఇద్దరమే. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. తను నాకు ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి. పాట మొదటి నుంచి పాడాను. మధ్యలో రెండు చోట్ల మణికట్టు నొక్కింది, ఊపిరి తీసుకోమని. కోసేసిన చోట్లే అయి ఉంటాయి. ఆ రెండు చోట్లా పాట ఎంత తేలికైందో చెప్పలేను.

చివరి వరసకి వచ్చాను. నా తిప్పు వేశాను. తల అడ్డంగా ఊపింది.

మళ్ళీ పాడాను. ఇంకోలా వేశాను. తల అడ్డంగా ఊపింది. చేత్తో గాలిలో గీసి చూపించింది, ఇలా వెళ్ళి ఇలా దిగాలని. చెయ్యి ఎలా కదిలిందో చూశాను. అలాగే పాడాననుకున్నాను. కాదట. ఆమె నోరు తెరిచింది. పెదవులు పాట ఆకారంలోకి వచ్చాయి. మెడ దగ్గర గుడ్డ కదిలింది, గాలి వచ్చింది, అంతే. ఆమె కళ్ళలో పాట ఉంది. నాకు ఎదురుగా ఉంది, బారెడు దూరంలో. నేను వినలేకపోయాను.

మళ్ళీ పాడాను. పలక తీసుకుని రాసింది: "కొంచెం దగ్గరికి వచ్చింది." మళ్ళీ పాడితే, "దూరం పోయింది" అని రాసింది. ఏది దగ్గరో ఏది దూరమో నాకు తెలియటం లేదు, రెండూ ఒకలాగే పాడినట్టుంది నాకు. మళ్ళీ పాడాను. ఎన్నిసార్లో లెక్క లేదు. నేల మీద ఎండ గోడ ఎక్కింది. నా గొంతు కూడా బొంగురుపోయింది. ఆమె మణికట్టు వదల్లేదు, ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతూనే ఉంది, విసుక్కోకుండా, గురువుగారు ఊపినట్టే.

చివరికి పాడుతుండగానే ఏడుపు వచ్చేసింది. ఎలాగో ఆ వరస పూర్తి చేసి తలెత్తాను.

సోఖిమ్ తల నిలువుగా ఊపింది. అవునన్నట్టు. నా చెయ్యి రెండుసార్లు తట్టి వదిలేసింది.

అది సరిగ్గా వచ్చినందుకు కాదు. ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని పాడాం, ఆమె ముఖం నాకు తెలియదా? నేను ఏడుస్తున్నానని ఊపింది.

"అదేనా అక్కా?" అని అడిగాను. మళ్ళీ ఊపింది. పలక మీద "అదే" అని రాసి, నేను ఇంకేమీ అడగకుండా వెంటనే తుడిచేసింది.

ఎల్లుండి పూజ. దేవుడి ముందు అలాగే పాడతాను. బాగుందంటారు అందరూ. కాదని చెప్పగలిగిన ఒక్క మనిషి అవునని రాసి ఇచ్చింది.